రేచీకటికి నూనెచుక్క

ఇంద్రావతి గోదావరిలో గలియు సీమలో, భూపాలపట్నమునుండి బీజాపూరునకు పోవు రహదారిపై మద్దేడు అను గ్రామము కలదు. ఒకనాటి బస్తరు సంస్థానమునకు అది నైరుతి అంచు. 1948లో సంస్థానము విలీనమైనపిమ్మట ఆ సీమ మధ్యపరగణాలలో చేరినది. తరువాత మధ్యప్రదేశమునకును, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్‌నకును చెందినది. జిల్లాలోనైన నిలుకడ లేదు. బస్తరు జిల్లానుండి 1998లో దంతెవాడకును, దంతెవాడనుండి 2007లో బీజాపూరునకును మారినది. ఇన్ని దస్త్రములు మారినను ఆ ప్రాంతమున తెలుగు మాట మాయలేదు. దోర్లలును, మురియలును, తరతరములుగా అచ్చట నెలకొన్న తెలుగు కుటుంబములును కలసి మెలసి బ్రతుకు చోటది.

అడవిసీమల భోజనమెట్టిదో ఎఱిగినవారికి ఒక సంగతి తోచకమానదు. అన్నము, జావ, ఆకుకూర, వెదురుకొమ్ము, కాలమునుబట్టి చేపయో వేటమాంసమో: ఇవి కలవు. లేనిది నూనె. పాలు, వెన్న అంతకంటెను అరుదు. ఆకుకూరలో పోషకము లేకపోలేదు. అది దండిగానే యున్నది. అయినను పొద్దు గ్రుంకునప్పటికి పెరటిలో తడవుకొనుచు నడచు బిడ్డలు ఇట్టి పల్లెలలో, బస్తరులోనే కాదు, గోదావరికి ఈవలి తెలుగు జిల్లాలలోను ఉండిరి. రేచీకటి యని మన పెద్దలు దానికి పేరు పెట్టిరి. మొదట రేయి కానరాదు. పిదప కంటి తెల్లగుడ్డు పొడిబారి, దానిపై నురుగువంటి మచ్చ లేచును. తుదకు నల్లగుడ్డు మెత్తబడి కరగిపోవును. ఆ కడపటి దశకు వచ్చిన బిడ్డకు చూపును మరల తెచ్చు మందు నేటికిని లేదు.

కన్నుల ముందే ఆకుకూర యుండగా చూపెట్లు పోవును? ఈ చిక్కు విడదీయుటకు శాస్త్రజ్ఞులకు అరువది డెబ్బది యేండ్లు పట్టినది. ఆ కథలో హైదరాబాదునకు ముఖ్యమైన పాత్ర కలదు.

మందు మాత్రము పురాతనమైనదే. క్రీస్తునకు పూర్వము పదునాఱవ శతాబ్దినాటి ఐగుప్తు వైద్యపత్రమున రేచీకటికి ఎద్దుకాలేయము చెప్పబడినది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున మేకకాలేయమును పిప్పళ్ళతో కలిపి యిచ్చు విధానము కలదు. కంటివ్యాధులకు త్రిఫలాఘృతమును వాడుట మన వైద్యులకు పరిపాటి. ఇచ్చట ఒకమాట గమనింపదగినది. మందును నీటిలో కాచిన కషాయమని, నేతిలో పక్వము చేసిన ఘృతమని, నూనెలో పక్వము చేసిన తైలమని ఆయుర్వేదము వేర్వేరుగా విభజించినది. ఏ ద్రవ్యపు సారము నీటిలోనికి దిగునో, ఏది నేతిలోనికి దిగునో వారు అనుభవముచేత నెఱుగుదురు. కారణము వారు చెప్పిన రీతి వేఱు. పని జరిగిన రీతి మాత్రము నేటి రసాయనశాస్త్రమునకు దూరము కాదు.

కారణాన్వేషణ మొదలైనది జపానులో. 1904లో మాసమిచి మోరీ అను వైద్యుడు ఆ దేశపు లోనాడులలో సుమారు పదునైదువందల మంది బిడ్డలకు కన్నులు పొడిబారు వ్యాధిని చూచి వర్ణించెను. చేపలు పట్టువారి బిడ్డలలో ఆ వ్యాధి యరుదు. కొండపల్లెల ధాన్యము, కూరలు తిను బిడ్డలలో నెక్కువ. కాడ్ చేప కాలేయపు నూనెయు కోడికాలేయమును ఇచ్చినంతనే వ్యాధి తగ్గినది. కావున ఇది కొవ్వు లోపమువలన కలుగు వ్యాధియని యతడు నిర్ణయించెను. నిర్ణయము సగము సరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున డెన్మార్కులో బ్లాక్ అను వైద్యుడు ఇట్టిదే చూచెను. ఆ దేశమువారు వెన్నను పరదేశములకు అమ్ముకొని, వెన్న తీసిన పాలు బిడ్డలకు పోయుచుండిరి. నేయి సంతకంపి మజ్జిగ త్రాగు మన పల్లెసంసారములకు ఈ కథ క్రొత్త కాదు.

మిగిలిన సగము 1913లో తేలినది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెకాలమ్, డేవిస్ అనువారు ఎలుకలకు పందికొవ్వు పెట్టిరి, ఆలివునూనె పెట్టిరి, అవి పెరుగుట మానినవి. వెన్ననుండియు గ్రుడ్డుసొననుండియు తీసిన కొవ్వు పెట్టిరి, మరల పెరిగినవి. అనగా కావలసినది కొవ్వు మాత్రమే కాదు. కొన్ని కొవ్వులలో కరిగి దాగియున్న వేఱొక పదార్థము. అదే విటమిను-ఎ. 1930 ప్రాంతమున కేంబ్రిడ్జిలో థామస్ మూర్ ఆకుకూరలలోను క్యారెట్టులోను గల కెరోటిను దేహములో విటమిను-ఎ గా మారునని చూపెను. 1931లో కారర్ దాని నిర్మాణమును కనుగొనెను. కంటిపొరలో అది యుండుటను జార్జి వాల్డ్ 1933లో కనిపెట్టగా, రేచీకటి కథ కంటివరకును పోయి ముట్టినది.

ఈ విటమిను నీటిలో కరగదు. మన కడుపు, ప్రేగులు నీటిమయములు. నూనెలోని వస్తువు నీటిపొరను దాటి రక్తములోనికి పోవుటెట్లు? ఇచ్చట పైత్యరసము పని కలదు. తలంటునాడు జిడ్డుతలపై వట్టి నీరు పోసిన జారిపోవును. కుంకుడురసము పోసినచో నూనె నురుగై విడివడి నీటితో కొట్టుకొనిపోవును. పిత్తాశయమునుండి వచ్చు లవణములు ప్రేగులలో ఆ కుంకుడుపనియే చేయును. నూనెను సన్నని బిందువులుగా చీల్చి, ఇంకను సన్నని కణికలుగా మార్చి, ప్రేగుగోడకు చేర్చును. ఆ కణికలలో కూర్చుండి విటమిను లోనికి పోవును. అయితే పైత్యరసము దానంతట నది తగినంత స్రవింపదు. ప్రేగులోనికి కొంత కొవ్వు వచ్చినప్పుడే పిత్తాశయము ముడుచుకొని దానిని విడుచును. కావున కొవ్వు లేని భోజనమున రెండు నష్టములు: విటమిను కరుగుటకు చోటు లేదు, దానిని మోయు రసము రాదు. ఆకుకూర కంచములో నుండియు కంటికి చేరకపోవుటకు ఇది ముఖ్యకారణము.

కొవ్వు ప్రేగులలో ఇంకకపోయినచో మనుష్యుడేమగునో తెలుగువారికి ఒక మహనీయుని జీవితము చెప్పుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధిలో ప్రేగుగోడ చెడి, తిన్న కొవ్వు ఇంకక మలములో పోవును. దానితోపాటు కొవ్వులో కరుగు విటమినులును పోవును. సుబ్బారావుగారికిని అదే వ్యాధి రాగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికిరి. అమెరికాలో లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున 1945లో తయారైన ఫోలిక్ ఆమ్లము పిదప ఆ వ్యాధికే ఔషధమైనది.

ప్రేగులు చేయవలసిన పనిని సీసాలోనే కొంత ముందుగా చేసి యిచ్చినచో ఏమి? ఈ యాలోచన ఔషధశాలలవారికి ఏనాడో వచ్చినది. పాతకాలపు కంపౌండరు కల్వములో నాలుగుపాళ్ళ నూనె, ఒకపాలు తుమ్మజిగురుపొడి వేసి నూఱి, రెండుపాళ్ళ నీరు ఒక్కసారిగా పోసి, చటచటమను చప్పుడు వచ్చువరకు త్రిప్పుట చూచినవారు నేటికిని కొందరుందురు. నూనె కనబడకుండపోయి పాలవంటి చిక్కని ద్రవము తయారగును. దానికే ఎమల్షనని పేరు. పాలును అట్టివే: నీటిలో వెన్నబిందువులు విడివిడిగా నిలిచిన ఎమల్షను, కవ్వముతో చిలికి దానిని విరిచినచో వెన్న. తుమ్మజిగురు దొరకనిచోట చిరుమాను బంక వాడుదురు. బస్తరు అడవులలోను ఆ చెట్టు కలదు. న్యూయార్కులో స్కాట్, బౌన్ అను భాగస్వాములు 1870 ప్రాంతమునుండి తయారుచేసిన కాడ్‌లివర్ ఎమల్షను మన నగరముల మందుల అంగళ్ళకును వచ్చినది. వీపున నిలువెత్తు చేపను మోయు మనిషి బొమ్మ గల ఆ సీసాను ఎఱుగని మధ్యతరగతి యిల్లు ఒకప్పుడు లేదన్నను తప్పులేదు. చేపవాసన తగ్గించుట ఒక లాభము. బిందువులు సన్నమైనకొలది వేగముగా ఇంకుట రెండవ లాభము. ఆ ఇల్లు మద్దేడులో లేదన్నది వేఱుమాట. కన్నుపోవు బిడ్డకు మందు అక్కరకు రానిచోట, మందు అమ్ముడుపోవుచోట ఎల్లప్పుడు ఒకటి కావు.

రెండవ ప్రపంచయుద్ధమున కాడ్ నూనె రాక నిలిచినప్పుడు మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖవారు కోళికోడులో సొరచేప కాలేయపునూనె తీయ నారంభించిరి. అంతకుముందే, 1937లో, మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలలో పనిచేసిన రైట్, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయపు అధ్యక్షుడు అయ్‌క్రాయిడ్ కలసి నల్లగుడ్డు మెత్తబడు వ్యాధికి ఎఱ్ఱతాటినూనె నిచ్చి ఫలితము ప్రకటించిరి. ఆఫ్రికాదేశపు ఆ నూనెలో కెరోటిను సహజముగా కరిగియున్నది. పోషకము, వాహనము రెండును ఒక్క చెంచాలో. మంచి యూహయే, అయినను మన దేశమున ఆ నూనె వాడుకలోనికి రాలేదు.

పైన చెప్పిన కూనూరు పరిశోధనాలయమునకు చరిత్ర కలదు. 1918లో మెకారిసన్ అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక గదిలో బెరిబెరి విచారణ ప్రారంభించెను. అది 1928లో పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలి, 1969లో స్వర్ణోత్సవ సందర్భమున జాతీయ పోషకాహార సంస్థయైనది. కొండపైనున్న కూనూరును విడిచి ఉస్మానియా వైద్యశాలలును, నిలోఫరు శిశువైద్యశాలయు గల నగరమునకు వచ్చుటచేత పరిశోధకుల ముంగిటికే వ్యాధిగ్రస్తులైన బిడ్డలు వచ్చిరి. ఈ మార్పు లేనిచో పిదప జరిగిన పని జరుగుట కష్టము.

ఆ నాటికి పరిస్థితులు రెండు విధముల మారియుండెను. స్విట్జర్లాండులోని రోష్ సంస్థలో ఇస్లర్ బృందము 1947లో విటమిను-ఎ ను కృత్రిమముగా తయారుచేయగా, చేపకాలేయముపై ఆధారపడు అవసరము తగ్గి వెల చౌకయైనది. రెండవది, దేహము ఈ విటమినును కాలేయములో దాచుకొనునని తేలినది. నీటిలో కరుగు విటమినులు చాలవరకు నిలువయుండవు. మిగిలినది మూత్రమున పోవును. ఇది అట్లుకాదు. దినదినము బిడ్డకు మందు చేర్చు శక్తి దేశమునకు లేదు. కాని యేడాదికి ఒకటి రెండుమార్లు ఒక్క పెద్దమోతాదు ఇచ్చి, కాలేయమనెడి గాదెను నింపినచో, బిడ్డ దానినే దినదినము ఖర్చుపెట్టుకొనదా? గోపాలన్‌గారి అధ్యక్షతన హైదరాబాదువారు పట్టుకొన్న ప్రశ్న యిది.

ప్రశ్న సులభముగా కనిపించినను లోతు గలది. ఇచ్చినదెంత, ఇంకినదెంత, నిలిచినదెంత, అవసరమైనప్పుడు విడుదలయైనదెంత: నాలుగును వేర్వేరు లెక్కలు. శ్రీకంటియా, వినోదినీ రెడ్డి గారలు పెద్దమోతాదు ఇచ్చిన తరువాత రక్తములోను కాలేయములోను విటమిను ఎట్లు మారునో కొలిచి 1970లో ప్రకటించిరి. అదే యేట స్వామినాథన్, సుశీల, తిమ్మయ్యమ్మ గారలు పల్లెబిడ్డలకు ఏడాదికొక పెద్దమోతాదు నోట నిచ్చి చూచిన క్షేత్రపరిశోధనము వెలువడినది.

సూది మందు విషయమున ఒక విపరీతము బయటపడినది. తెలుగునాట ఏ పల్లెకు పోయినను సూదిమందునకున్న గౌరవము నోటిమందునకు లేదు. కాని నూనెలో కరిగిన విటమినును కండలోనికి గ్రుచ్చినచో అది అచ్చటనే నిలిచిపోవును. రక్తములోనికి చాల మెల్లగా మాత్రమే విడుదలయగును. కండలో పైత్యరసము లేదుగదా! నూనెను చీల్చువారచ్చట లేరు. అదే నూనెమందును నోటిద్వారా ఇచ్చినచో కొలది గంటలలో ఇంకును. సూదియే తప్పనిసరియైన బిడ్డకు, అనగా వాంతులతోనో తీవ్రవిరేచనములతోనో నున్నవానికి, నీటితో కలియునట్లు తయారుచేసిన మందు కావలెను. ఒక్కటే విటమిను, మోయు వాహనమును, ప్రవేశించు ద్వారమును బట్టి అది మందగును, లేదా వృథాయగును. చౌకయైన నూనె, చెంచా, నోరు: ఈ మూడింటితో పని నడచునని తెలియుటచేత కార్యక్రమమే సాధ్యమైనది. వేల పల్లెలకు సూదులు, వాటిని కాచు పొయ్యిలు, గ్రుచ్చు చేతులు ఎక్కడనుండి తేవలెను?

జబ్బుబిడ్డలో లెక్క మరల మారును. శివకుమార్, వినోదినీ రెడ్డి గారలు గుర్తువేసిన విటమినును ఉపయోగించి, అంటువ్యాధులతో నున్న బిడ్డలలో ఇంకుడు తగ్గునని 1972లో చూపిరి. కడుపులోని ఏలికపాములును ఇట్టి నష్టమునే చేయునని పిదప తేలినది. మాంసకృత్తుల లోపముతో ఉబ్బిన బిడ్డలలో వేఱొక చిక్కు. కాలేయము విటమినును బయటికి పంపుటకు ఒక ప్రత్యేకమైన మాంసకృత్తు బండివలె కావలెను. న్యూయార్కులో గుడ్‌మన్ బృందము దానిని 1968లో కనుగొన్నది. బండి లేనప్పుడు గాదెలో ధాన్యముండియు ఇంటివారు పస్తుండినట్లు, కాలేయమున విటమినుండియు కన్ను ఎండును.

1970లో భారతప్రభుత్వము దేశవ్యాప్తముగా కార్యక్రమమును ప్రారంభించినది: ఒకటినుండి అయిదేండ్లలోపు బిడ్డలకు ఆఱునెలలకొకసారి రెండులక్షల యూనిట్లు. ఈ సంఖ్యను చూచి బెదరనక్కరలేదు. రెండులక్షల యూనిట్లనగా అరువది మిల్లీగ్రాములు. చిన్నబిడ్డకు దినమునకు సుమారు నాలుగువందల మైక్రోగ్రాములు కావలెననుకొన్నచో, ఆ యరువది మిల్లీగ్రాములు నూటయేబది దినములకు సరిపోవును. ఆఱునెలల గడువు ఆకాశమునుండి ఊడిపడలేదు. కొంత యింకక పోవునది, కొంత తిండిలో వచ్చునది, ఇట్టివన్నియు చూచుకొని వేసిన గడువది. తొలుత తొమ్మిదవ నెలలో, లక్ష యూనిట్లు గల ఒక మిల్లీలీటరు. పిదప రెండు మిల్లీలీటర్లు. గాజుసీసా నల్లనిది, ఎండ తగిలినచో మందు చెడును గనుక. మూత తీసిన సీసాను ఆఱునుండి యెనిమిది వారములలో ముగింపవలెను. 1994లో వయస్సును మూడేండ్లకు కుదించి, 2006లో మరల అయిదేండ్లకు పెంచిరి.

ఇట్టి పథకము కాగితముపై సుందరముగా నుండును. ఆఱునెలల గడువు బిడ్డ ఉన్నచోటనే యుండినప్పుడే చెల్లును. బస్తరు దక్షిణసీమలో 2005నుండి చెలరేగిన హింసలో ఎన్నో కుటుంబములు గోదావరి దాటి ఖమ్మము అడవులకు వలసవచ్చినవి. ఒక రాష్ట్రపు పట్టికలో మొదటి మోతాదు పుచ్చుకొన్న బిడ్డ రెండవ మోతాదునాటికి ఇంకొక రాష్ట్రపు అడవిలో, ఏ పట్టికలోను లేని గుడిసెలో నుండును. రక్తములోని విటమినును కొలుచుట నేర్చినవారికిని ఆ గుడిసె చేరుట ఇంకను కష్టముగనే యున్నది.

ఇక ఆకుకూర సంగతి. మందు తాత్కాలికమనియు, తిండియే శాశ్వతమనియు హైదరాబాదువారు మొదటినుండి చెప్పుచుండిరి. తోటకూరలోని కెరోటిను పోషణ తక్కువైన బిడ్డలలోను ఇంకునని లాలా, వినోదినీ రెడ్డి గారలు 1970లోనే చూపియుండిరి. అంతకు మునుపు, 1958లో, ఆఫ్రికాలోని రువాండాలో రోయల్స్ బృందము బాలురకు ఆలివునూనె చేర్చి పెట్టగా కెరోటిను ఇంకుడు పలురెట్లు పెరిగినది. మన బిడ్డలకెంత నూనె చాలును? జయరాజన్, వినోదినీ రెడ్డి, మోహన్‌రాం గారలు ఆకుకూరతోపాటు వేర్వేరు పరిమాణముల కొవ్వు నిచ్చి చూచి 1980లో ప్రకటించిరి: అయిదు గ్రాములు చేర్చినను రక్తములో విటమిను స్పష్టముగా పెరిగినది. అయిదు గ్రాములనగా ఒక చిన్నచెంచా. ఎమల్షను తయారుచేయు కల్వము, జిగురు, సీసా, చేపబొమ్మ ఏమియు లేక, పోపు వేసిన ఆకుకూరయే మందు. తాలింపును రుచికొరకే వేయుదురని మన యిండ్లలో తలంతురు.

ఆకుకూరలోని కెరోటినంతయు విటమినుగా మారదు. నాలుగు పాళ్ళకు ఒకపాలు మారునని పూర్వము లెక్కవేసిరి. భారత వైద్యపరిశోధనా మండలివారు 2010లో దానిని ఎనిమిదింటికి ఒకటిగా సవరించిరి. దీనిని పట్టుకొని ఆకుకూర నిష్ప్రయోజనమనుటకు బయలుదేరినవారును కలరు. ఎనిమిదింట ఒకటియైనను కట్ట చౌక, పెరడు సొంతము. కావున ఆ వాదము నిలువదు. తక్కువైనది ఆకు కాదు, ఆ చెంచా నూనె.

ఆ చెంచా నూనె మద్దేడువంటి చోట్ల పూర్తిగా లేనిదియుకాదు. ఇప్పచెట్టు పువ్వు సారాకును, గింజ నూనెకును ప్రసిద్ధము. మార్చి, ఏప్రిలులలో పువ్వు రాలును. జూను ప్రాంతమున గింజ వచ్చును. గింజలో ఇంచుమించు మూడవవంతునకు మించి నూనె కలదు. బస్తరు గిరిజనుల యిండ్లలో దీనితో వంట చేయుట, దీపము పెట్టుట, దేహమునకు రాచుట కలదు. చలికాలమున ఇది వెన్నవలె గడ్డకట్టును. ఇందులో విటమిను-ఎ లేదు. అందులకు దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు. వాహనమునకు సరకు వేఱుగా ఆకుకూరలో నున్నది. కాని గింజ సంతలో రొక్కమగును. నూనె యింట మిగులునది తక్కువ. డెన్మార్కు వెన్నకథ మరల వినవచ్చుచున్నది.

1986లో ఆల్‌ఫ్రెడ్ సామర్ బృందము ఇండొనీషియాలోని అచే సీమ ఫలితములు ప్రకటించుటతో కథ క్రొత్త మలుపు తిరిగినది. పెద్దమోతాదు పుచ్చుకొన్న పల్లెలలో శిశుమరణములు సుమారు మూడవవంతు తగ్గినవట. కన్నుమందు ప్రాణమందైనది. 1990లో రెండు భారతీయ పరిశోధనములు ఒకదానివెంట ఒకటి వెలువడినవి. తిరుచిరాపల్లి జిల్లాలో రహమతుల్లా బృందము వారమువారము చిన్నమోతాదు లిచ్చి మరణములు సగమునకు మించి తగ్గినవని చెప్పినది. హైదరాబాదు సంస్థకు చెందిన విజయరాఘవన్ బృందము 15,775 మంది బిడ్డలలో ఆఱునెలల పెద్దమోతాదు నిచ్చి, మరణములలో చెప్పుకోదగిన తేడా లేదని చెప్పినది. తామే పెంచిన పథకమునకు అనుకూలము కాని ఫలితమును దాచక ప్రకటించుట ఆ సంస్థకు గౌరవము. 1993లో పలు పరిశోధనములను కూర్చి చూచినవారు ఇరువదిమూడు శాతము తగ్గుదల యనిరి. పిదప ఉత్తరప్రదేశములో పదిలక్షల బిడ్డలతో అయిదేండ్లు జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనములో తగ్గుదల నాలుగు శాతమే, అదియు నిశ్చయముకాదు. కార్యక్రమమునకు ఆద్యులైన గోపాలన్‌గారు తామే ముందునిలిచి, కన్నుపోవు వ్యాధి అరుదైన ఈకాలమున బిడ్డలందరికి పెద్దమోతాదు లిచ్చుటను విడిచి తిండివైపు మరలవలెనని వాదించుచు 2019లో కన్నుమూసిరి. 2016 మొదలు 2018 వరకు జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార పరిశీలనలో ఒకటినుండి నాలుగేండ్ల బిడ్డలలో విటమిను-ఎ లోపము సుమారు పదునెనిమిది శాతమని తేలినది.

మోతాదు జాగ్రత్త యెంత యావశ్యకమో 2001 నవంబరులో అస్సాములో తెలిసినది. మందు పంచిన దినములలో కొందరు బిడ్డలు మరణించుటచేత దేశమంతట అలజడి రేగినది. రెండు మిల్లీలీటర్ల చెంచాకు మారుగా పెద్ద కొలతల గిన్నెలు వాడబడినవను సంగతి ఆనాటి చర్చలో ముఖ్యమైనది. మరణములకు మందే కారణమా యన్నది వివాదముగనే మిగిలినది. దీనికి తోడు నార్వే శాస్త్రజ్ఞులు 2003లో పాత వ్యాధివృత్తాంతములను పరిశీలించి చెప్పిన సంగతి మన కథకు మిక్కిలి సంబంధించినది: దినదినము వాడునప్పుడు, నీటితో కలియు రూపములును ఎమల్షనులును నూనెమందుకంటె పదింతలు తక్కువ మోతాదులోనే విషలక్షణములు చూపినవి. బాగుగా ఇంకించు ఉపాయమే అపాయమునకును ద్వారము. మందు చక్కగా చేరునట్లు చేసిన కంపౌండరు మోతాదును తగ్గింపవలెనని దీని యర్థము. సీసాపై లెక్క మారకుండ లోని రూపము మార్చువారు ఇది యెఱుగవలెను.

ఇట్టి కొవ్వుదోస్తీ గల మందులు నేడు ఎన్నో. తామరకిచ్చు గ్రిసియోఫల్విన్ కొవ్వుగల భోజనముతో హెచ్చుగా నింకునని 1961లోనే తెలిసినది. అవయవమార్పిడిలో వాడు సైక్లోస్పోరిన్ మొదట నూనెలోను, 1990 తరువాత అతిసన్నని ఎమల్షనుగాను వచ్చినది. బస్తరును చిరకాలముగా పీడించు మలేరియాకు చైనాలో పుట్టిన లూమెఫాంట్రిన్ కలదు. వట్టి కడుపుతో కంటె కొవ్వుగల భోజనముతో అది పదునాఱురెట్లు హెచ్చుగా నింకునని కొలిచిరి. మన జాతీయకార్యక్రమమున దానిని 2013నుండి ఈశాన్యరాష్ట్రములకు నిర్ణయించిరి. జ్వరపడిన బిడ్డకు మాత్రతోపాటు గ్రుక్కెడు పాలు చెప్పు వైద్యునికి, ఆ యింట పాలున్నవో లేవో కూడ తెలియవలెను.

2018నుండి ఆహారభద్రతా ప్రమాణసంస్థవారు నిర్ణయించిన కొలతల ప్రకారము వంటనూనెలో విటమిను-ఎ, డి లను కలిపి, పొట్లముపై ప్రత్యేకమైన గుర్తు వేయుచున్నారు. ఎఱ్ఱతాటినూనెతో 1937లో రైట్, అయ్‌క్రాయిడ్ చేసినది ఇప్పుడు కర్మాగారములో జరుగుచున్నది: వాహనమును సరకును ఒక్కటే. పొట్లమునూనె కొనువారికి ఇది చేరును. ఇంట గానుగాడించిన ఇప్పనూనెతో వండుకొను యింటికి మాత్రము ఈ కలుపుడు చేరదు. వారికి ఆకుకూరయు, ఆఱునెలలకు రావలసిన నల్లసీసాయు, దానితోపాటు రెండు మిల్లీలీటర్ల చెంచాయు మిగిలియున్నవి.